ఎత్తిన చెయ్యి

ముందుగా నా తెలివితక్కువతనం చెప్పేస్తాను. రేపు ఇంకెవరో చెబితే వినడం కంటే నా నోట వినడమే నాకు మర్యాద.

సూర్యాపేటలో చెడుగుడు మైదానాన్ని పోగొట్టింది ఎవరని ఏ హోటల్లో అడిగినా నా పేరే చెబుతారు. అది అబద్ధం కాదు. ఆ మైదానాన్ని కాపాడతానని ఓట్లడిగి, మునిసిపాలిటీలోకి వెళ్ళి, నిండు సభలో కుడిచెయ్యి పైకెత్తి, దాన్ని నేనే పోగొట్టాను. "చేజేతులా" అనే మాటను అందరూ ఊరికే వాడేస్తుంటారు. దాన్ని అక్షరాలా ఆచరించినవాణ్ణి నేను. అదీ రెండు చేతులు కూడా పట్టలేదు. ఒక్కటి సరిపోయింది.

నా జీవితమంతా మూడు సంఘాల్లో గడిచింది. మొదట ఆటల సంఘం, తరువాత పురపాలక సంఘం, ఆఖరున సేవా సంఘం. మా వైపు ఒకప్పుడు సంఘమంటే ప్రాణమిచ్చేవాళ్ళుండేవారు, పేరు వింటే వణికే దొరలూ ఉండేవారు. నా మూడు సంఘాలకు అంత ప్రతాపం లేదు. మొదటిదాంట్లో ఈల వేశాను, రెండోదాంట్లో చెయ్యెత్తాను, మూడోదాంట్లో చేతులెత్తేశాను.

ఆటల సంఘాలు నడుపుతూ, "ఊళ్ళో నలుగురూ గుర్తుపడుతున్నారు గదా, ఒక ఎలక్షన్ చూద్దాం" అనుకునే చిన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పదవులెప్పుడొచ్చాయో, దండలెన్ని పడ్డాయో రాయను. దండల్లో చీమలుంటాయన్న ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి.

కోదాడ గురువు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన యేడే నేను తాలూకా ఆటల సంఘానికి కార్యదర్శినయ్యాను. కార్యదర్శి అంటే పెద్ద మాట. సున్నం కలిపి గీతలు గీసేది నేను. చివ్వెంల నుంచో నిడమనూరు నుంచో జట్లు వస్తే ఎవరింట్లో అన్నం వండించాలో చూసేది నేను. ఓడిన ఊరివాళ్ళు కర్రలు తీస్తే అందరికంటే ముందు పరిగెత్తేదీ నేనే. మా సంఘానికి బల్ల లేదు, కాబట్టి బల్ల కింది వ్యవహారాలూ లేవు.

చెడుగుడు తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. కూతకు వెళ్ళినవాడు "చెడుగుడు చెడుగుడు" అంటూ ఒక్క ఊపిరితో అవతలి పక్షంలోకి పోయి, వాళ్ళను తాకి, కూత తెగకుండా గీత దాటి రావాలి. నడుమ ఊపిరి పీలిస్తే ఔటు. మేము ఔటైనవాణ్ణి "చచ్చినవాడు" అంటాం. చచ్చినవాడు గీత బయట నేలమీద కూర్చోవాలి. తన పక్షంవాళ్ళు అవతలివాణ్ణి ఒకణ్ణి చంపితేనే ఇతను బతికి లోపలికొస్తాడు. ఎవరూ చంపలేకపోతే ఆట అయిపోయేదాకా కూర్చోవడమే. ఎంత పెద్ద ఇంటివాడైనా సరే.

నేను అంపైరుగా నిలబడ్డ మొదటి పోటీ కోదాడలో. ఒక ఆటగాడి కూత తెగిందని చెయ్యెత్తాను. జనం గోల చేశారు. భయపడి దించాను. అప్పుడు రెండో పక్షంవాళ్ళు గోల చేశారు. మళ్ళీ ఎత్తాను. ఆ తరువాత జరిగింది చెడుగుడు కాదు.

అక్కడ వీరభద్రంగారని ముసలి అంపైరు ఉండేవారు. మునగాల దాటితే మాట ఒంపు మారుతుంది గదా, ఆయన మాట సగం బెజవాడ మాట. నా చిరిగిన చొక్కా చూసి నవ్వలేదు.

"ఏమయ్యా నరహరీ, చెయ్యెందుకు దించావు?"

"జనం ఒప్పుకోలేదండి."

"జనం ఒప్పుకునేదయితే నువ్వెందుకయ్యా మధ్యలో? ఓ గుంజ పాతితే సరిపోయేది. ఎత్తేముందు నూరుసార్లు ఆలోచించు. ఎత్తింతరువాత మాత్రం దించబాకు. నీ చెయ్యి చూసి ఆట ఆగాలి. ఆగేదాకా అట్టాగే ఉంచు."

ఆ ఒక్క మాట మీద పదేళ్ళు బతికాను. నా చెయ్యి లేస్తే ఆట ఆగేది. ఆ మాటే తరువాత నన్ను ముంచింది. గురువుగారి తప్పు లేదు. ఏ మైదానంలో పనికొస్తుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

సాయిలు

మా జట్టులో అందరికంటే గొప్ప కూతగాడు సాయిలు. బియ్యం మిల్లులో హమాలీ. ఊపిరి అంతసేపు ఎలా పడతావని అడిగితే, "బస్తా లేపెటప్పుడు గూడ కూత తెంపనన్నా. తెంపితె నడుము పోతది" అనేవాడు.

ఒకసారి కోదాడ జట్టుతో ఆఖరి ఆట. మా పేట మైదానంలోనే, మా జనం ముందరే. గెలుపు మాదే అనుకుంటుండగా, గీతకు జానెడు దూరంలో సాయిలు ఊపిరి తీశాడు. ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. చెయ్యెత్తాను. ఓడిపోయాం. ఆ పూట నాకు మంచినీళ్ళిచ్చినవాళ్ళు కూడా లేరు.

మర్నాడు పొద్దున సాయిలు మా ఇంటికొచ్చి గడపలో కూర్చున్నాడు.

"తెగింది అన్నా. నాకు ఎరికే."

"మరి నిన్ననే చెప్పొచ్చు గదరా?"

"నువ్వు చెయ్యెత్తినవ్ గద. ఇగ నేనెందుకు చెప్పుడు?"

నా ఉద్యోగంలో నాకు దొరికిన సన్మానం అదొక్కటే. తరువాత వచ్చినవన్నీ శాలువాలు.

వార్డు మెంబరు

మా మైదానం ధాన్యం అమ్మే గంజు వెనకాల, మునిసిపాలిటీ జాగాలో ఉండేది. చైర్మన్ లక్ష్మీపతి సేటు. రెండు బియ్యం మిల్లులున్నాయి, మెత్తని మాట, ఎవర్ని చూసినా "కూసోండ్రి" అనే మర్యాద. ఆయన కళ్ళు ఆ జాగా మీద పడ్డాయి. అక్కడ కల్యాణ మండపం కడితే ఊరికి మేలని ఒకరితో అన్నాడు. వారం తిరక్కుండా ఊరంతా అదే మాట అనడం మొదలుపెట్టింది. ఎక్కువగా మైదానంలో ఎన్నడూ కాలు పెట్టనివాళ్ళు.

మునిసిపల్ ఎన్నికలొచ్చాయి. సాయిలు, మిగతా ఆటగాళ్ళు వచ్చి, "నువ్వు లోపలుంటె మన గీత మీద ఎవడు కాలు పెడ్తడన్నా" అన్నారు. నేను వద్దన్నాను. రెండుసార్లు వద్దని మూడోసారి ఒప్పుకోవడానికి ఎంతసేపు ఆగాలో అప్పటికే నాకు తెలిసిపోయింది. అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

ప్రచారానికి మాకు మైకు లేదు. ఆటగాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో వీధి మొదట్లో ఊపిరి బిగబట్టి, "నరహరి నరహరి నరహరి" అని కూత పెడుతూ వీధి చివరిదాకా పరిగెత్తేవాళ్ళు. ముసలమ్మలు తలుపులు తీసి దండం పెట్టుకునేవాళ్ళు. వాళ్ళు ఓటేసింది నాకో నరసింహస్వామికో ఇప్పటికీ తెలియదు. గెలిచాను.

చెడుగుడులోంచి రాజకీయంలోకి వెళితే ఏమవుతుందో తెలుసా? "గుడు" పోయి మొదటి రెండక్షరాలే మిగులుతాయి. మా ఆటలో ఊపిరి అయిపోయినవాడు నోరు మూసుకుని బయటకు పోతాడు. అక్కడ ఊపిరి మధ్యమధ్యలో తీసుకుంటూ ఎంతసేపైనా మాట్లాడొచ్చు, ఎవడూ చావడు. ఆటలో ఎదుటివాడు ఎదురుగా ఉంటాడు. సభలో మన పక్కనే కూర్చుని, పాన్ డబ్బా మన వైపు జరుపుతాడు.

ఇత్తెఫాక్

మైదానం తీర్మానం వచ్చిన రోజుకు నా లెక్క నాకుంది. చైర్మన్ కాక సభలో పదిహేనుమందిమి. ఏడుగురు సేటు వైపు, ఏడుగురు నా వైపు, నాతో ఎనిమిది. ఒక్కొక్కరి ఇంటికీ పదిసార్లు తిరిగి కూడబెట్టిన ఎనిమిది. ఊరుకుని కూర్చుని, "వ్యతిరేకం" అన్నప్పుడు చెయ్యెత్తితే చాలు, మైదానం మాది.

కానీ నేను ఊరుకునేవాణ్ణయితే ఇది రాసే అవసరమే ఉండేది కాదు. ఉపన్యాసం రాసుకున్నాను. నాలుగు ఠావులు, రెండు వైపులా. వ్యాయామం, ఆరోగ్యం, ఐకమత్యం, అన్నీ ఉన్నాయి అందులో. మైదానం నెగ్గడమే కాదు, నా మాటతో నెగ్గాలని నాకు లోపల ఒక దురద. ఆటగాళ్ళు కిటికీల బయట నిలబడి ఉన్నారు మరి.

సేటు తీర్మానాన్ని సర్వే నంబరుతో సహా ఒక్క ఊపిరిలో చదివేశాడు. సాయిలు కూడా మెచ్చుకునే కూత. చదివి, తల ఎత్తకుండానే, "దీంట్ల చర్చ ఏమున్నది, అందరికి ఎరికే గద. అనుకూలమున్నోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాడు.

చర్చ లేదా? నా నాలుగు ఠావులు? చప్పున లేచి నిలబడి చెయ్యెత్తాను. ఆపమని. పదేళ్ళ అలవాటు. నా చెయ్యి లేస్తే ఆట ఆగాలి.

ఆగలేదు. మునిసిపాలిటీ గుమాస్తా మహబూబ్ సాబ్ పెన్సిలు పట్టుకుని ఏక్, దో, తీన్ అని లెక్కపెడుతున్నారు. ఎవరూ నా వైపు చూడటం లేదని చెయ్యి ఇంకా పైకెత్తాను. ఆగేదాకా అట్టాగే ఉంచు అన్నారు గదా గురువుగారు. "ఆట ఆపుండ్రి" అని కూడా అన్నాను. అలవాటులో నోరు జారింది. అందరూ నవ్వారు.

"సెక్రటరీ సాబ్, ఇంకో చెయ్యి గూడ లేపకుండ్రి," అన్నాడు సేటు మెత్తగా. "మీకు ఒక్కటే ఓటు."

ఆఠ్, అన్నారు మహబూబ్ సాబ్. గీత గీశారు. అప్పటికి నాకు విషయం తలకెక్కింది. వ్యతిరేకం అడిగినప్పుడు మళ్ళీ చెయ్యెత్తాను. "మీది అయిపాయె సాబ్," అన్నారాయన, నిజంగా బాధపడుతూనే.

నేను ఆపడానికి ఎత్తానని, ఓటుకు కాదని ఎంత చెప్పినా సేటు ఓపికగా విన్నాడు. విని ఒకటే అడిగాడు.

"నరహరిగారూ, మీ ఆటల ఒగడు గీత దాటిండు. దాటినంక, నాకు దాటబుద్ధి లేకుండె, ఉత్తగనే కాలు పడ్డది అంటడు. మీరు ఒప్పుకుంటరా?"

ఒప్పుకోను. ఎన్నడూ ఒప్పుకోలేదు.

"పరేషాన్ కాకుండ్రి," అన్నాడు నా భుజం తట్టి. "ఇది తాత్కాలికమే. మండపం ఒక మూలకు కడ్తం. ఊరవతల మీకు గింతకంటే పెద్ద జాగ నేను చూపిస్త."

సభ ముగిశాక మహబూబ్ సాబ్ దగ్గర నిలబడ్డాను. ఆయన పాతకాలం మనిషి. తన చిట్టాపుస్తకంలో ముందు ఉర్దూలో రాసుకునేవారు. ఏం రాశారని అడిగాను.

"మీ పేరు పక్కన ఇత్తెఫాక్ అని రాసిన సాబ్."

"అంటే?"

"మా జబాన్ల ఇత్తెఫాక్ అంటే ఒప్పుకోలు. అనుకోకుంట అయిన ముచ్చట గూడ ఇత్తెఫాకే. మీకు ఏది మంచిగనిపిస్తె అది సదువుకోండ్రి."

అంత జాలిగా నన్నెవరూ వెక్కిరించలేదు. తెలుగు రికార్డులోకి ఎక్కేటప్పటికి ఆ రెండో అర్థం రాలిపోయింది.

బయట సాయిలు ఒక్కడే మిగిలాడు. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు.

"ఎందుకెత్తినవ్?"

"ఆపుదామని."

"ఆగిందా?"

"ఆగలేదు."

"సరే సారూ," అని వెళ్ళిపోయాడు.

పదేళ్ళుగా అన్నా అన్నవాడు సారూ అన్నాడు. మావైపు సారు అనేది గౌరవం కూడా, తలుపు మూయడం కూడా. నేను సేటుకు అమ్ముడుపోయానని పేటలో చాలామంది అన్నారు. దానికి కోపం వచ్చింది, తగ్గింది. సారూ అన్న మాట మాత్రం తగ్గలేదు.

ఇక్కడొక నిష్ఠూరం చెప్పాలి. ఇది నా మీద కూడా. రాజకీయంలో మంచివాళ్ళు దుర్మార్గుల చేతిలో ఓడిపోతారని అంటారు. నేను చూసినంతలో మంచివాళ్ళు తమ ఉపన్యాసాల చేతిలో ఓడిపోతారు. సేటు నన్ను మోసం చేయలేదు. నా చెయ్యి నేనెత్తాను, ఆయన లెక్కపెట్టించాడు. ఆ నాలుగు ఠావులు ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నాయి. బాగా రాశాను.

మిర్యాలగూడ దుప్పటి

మళ్ళీ నిలబడమని ఎవరూ అడగలేదు. ఒకసారి వద్దనే అవకాశం కూడా ఇవ్వలేదు. మిర్యాలగూడలో కొందరు పెద్దలు ఒక సేవా సంఘం పెట్టి, ప్రజాజీవితంలో అనుభవమున్న కార్యదర్శి కావాలన్నారు. వెళ్ళాను. సాగర్ కాలువ పనుల్లో, మిల్లుల్లో దెబ్బలు తగిలినవాళ్ళకు దవాఖాన పక్కన ఇంత నీడ, ఇంత గంజి. మంచి పని. ఇక్కడ ఓట్లుండవు, చేతులెత్తే పని ఉండదు అనుకున్నాను.

చేతులే ఉండేవి. ఇచ్చే చెయ్యి పైన, తీసుకునే చెయ్యి కింద, రెండూ ఫోటోలో పడాలి.

నిడమనూరు వైపు నుంచి వచ్చిన ఎల్లమ్మ అని ఒకావిడ ఉండేది. కాలువ కట్ట మీద రాళ్ళు మోస్తూ పడి తుంటి విరిగింది. సంఘం పోషకులలో ఒకాయన దుప్పట్లు పంచడానికొచ్చాడు. మే నెల. మొదటి దుప్పటి ఎల్లమ్మకు. ఫోటోగ్రాఫరు దీపం వెలగలేదు. దుప్పటి వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చారు. ఈసారి పెద్దమనిషి కళ్ళు మూశాడు. మళ్ళీ తీసుకున్నారు. కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషికి చెమటలు కారుతున్నాయి. కార్యదర్శిగా నేను చేసిన సేవ ఏమిటంటే, పక్కన నిలబడి, "కొంచెం నవ్వమ్మా" అన్నాను.

ఎల్లమ్మ నవ్వింది. ఫోటో పడ్డాక అడిగింది.

"అయ్యా, మూడుసార్లు తీసుకుంటి గద. ఒక్కటే వచ్చె?"

పెద్దమనిషి కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వేసుకోవాలనిపిస్తుంది. ఆటలో తప్పు చేస్తే చొక్కా చిరిగింది. సభలో తప్పు చేస్తే పరువు పోయింది. సేవలో తప్పు చేస్తే ఏమీ కాదు, దండ వేస్తారు. మూడింటిలో ప్రమాదకరమైనది ఇదే. మీలో సేవలోకి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, కూర్చోలేని మనిషిని ఫోటో కోసం నిలబెట్టకండి. ఇంతకు మించిన సలహా నా దగ్గర లేదు.

గీత బయట

ఇక ఆఖరిది. మండపం కట్టడానికి సంవత్సరాలు పట్టింది. ఒక మూలన మొదలై నాలుగు మూలలకూ పాకింది. ఊరవతల పెద్ద జాగా ఎవరికీ కనపడలేదు. మండపం వెనక చెడుగుడు బరికి సరిపడేంత చిన్న ముక్క మాత్రం మిగిలింది, వంటశాల కట్టడానికి.

ప్రారంభోత్సవానికి ముందు అక్కడే పాత ఆటగాళ్ళ జట్టుకూ, చైర్మన్ గారి జట్టుకూ స్నేహపూర్వక పోటీ పెట్టారు. అంపైరుగా నన్ను పిలవమని సేటే అన్నాడట. పాతవన్నీ మరిచిపోయామని ఊరికి చూపాలి గదా. వెళ్ళాను. సాయిలు తల నెరిసింది. "దండం సారూ" అన్నాడు. అంతే.

సేటే స్వయంగా బరిలోకి దిగాడు. ఆయన కూతకు వస్తే ఎవరూ తాకొద్దని ఆటగాళ్ళకు ముందే చెప్పి ఉంచారు. ఆయన పక్షంలో ఆరుగురూ ఆయన మాటకు తల ఊపేవాళ్ళే. జీవితంలో ఎవర్నీ పట్టి ఎరగరు. సేటు మల్లెపువ్వులాంటి ధోవతి గోచీ పోసి కట్టి, ఫోటోగ్రాఫరు వైపు ఒకసారి చూసి, "చెడుగుడు చెడుగుడు" అంటూ బయల్దేరాడు. అందరూ నవ్వుతూ పక్కకు తప్పుకుంటున్నారు. నాలుగు అడుగులు వేశాడు. ఫోటో కోసం ఆగాడు. ఊపిరి తీశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

ఈల వేసి చెయ్యెత్తాను.

చప్పట్లు ఆగిపోయాయి. పదేళ్ళ తరువాత నా చెయ్యి చూసి ఆట ఆగింది.

"ఏమైంది సెక్రటరీ సాబ్?"

"కూత తెగింది సేటు. చచ్చిన్రు."

ఆ మాట పెద్దమనుషుల ముందు అలా అనకూడదు. కానీ మా ఆటలో దానికి వేరే మాట లేదు.

"ఏదో ఫోటో కొరకు గద. చెయ్యి దించుండ్రి," అన్నాడు గొంతు తగ్గించి.

"దించొద్దని మా గురువు చెప్పిండు. ఆడ మీ సభల గూడ దించినంక లెక్క మారలే గద."

సేటు జనం వైపు చూశాడు. జనం గీత వైపు చూస్తున్నారు. ధోవతి సవరించుకుంటూ నడిచి వెళ్ళి, గీత బయట మట్టిలో కూర్చున్నాడు. నా చెయ్యి ఇంకా పైనే ఉంది. ఎప్పుడు దించాలో నాకు తెలియలేదు.

వెనక నుంచి సాయిలు వచ్చాడు.

"అన్నా," అన్నాడు, "ఇగ దించు. అందరు సూసిన్రు."

దించాను.

ఆట సాగింది. సేటు పక్షంవాళ్ళు సాయిలు జట్టులో ఒక్కణ్ణి పట్టినా ఆయన బతికి లేచేవాడు. ఒక్కణ్ణీ పట్టలేకపోయారు. ఎండ నెత్తిమీదికొచ్చింది. ధోవతికి ఎర్రమన్ను అంటింది. గొడుగు తేబోయిన గుమాస్తాను గీత దగ్గరే ఆపాను, రూలు ప్రకారం. చాలాసేపటికి సేటు నన్ను పిలిచాడు.

"నరహరిగారూ, ఇంకెంతసేపు కూసోవాలె?"

"పరేషాన్ కాకుండ్రి సేటు," అన్నాను. "ఇది తాత్కాలికమే."